కాలికి లొంగిన తోలు: కోసిగి సీమలో చెప్పుల పని చరిత్ర

కర్నూలు జిల్లా పడమటి అంచున, తుంగభద్రకు దక్షిణంగా, ఆదోనికీ మంత్రాలయానికీ నడుమ పరుచుకున్న కోసిగి ప్రాంతంలో నేల కాలిని రెండు విధాలుగా పరీక్షిస్తుంది. గుండ్లు పేరుకున్న కొండల చుట్టూ ఉండే గరుసు నేల ఎండకు కాలిపోతుంటే, వాటికి దూరంగా ఉన్న నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చి పదునెక్కి, వాన పడగానే ముద్దలై అరికాలికి అంటుకుంటుంది. తుమ్మముల్లూ పల్లేరుగాయా ఏడాది పొడుగునా ఉండనే ఉంటాయి. ఇటువంటి నేల మీద జొన్న, పత్తి పండించే రైతుకు, గొర్రెలమంద వెంట పొద్దస్తమానం తిరిగే కురువలకు, బండి తోలే మనిషికి చెప్పు కూడా మడక, కొడవలి వంటి పనిముట్టే. ముల్లు దిగకుండా ఆపాలంటే ఆ చెప్పు మందంగా, గట్టిగా ఉండక తప్పదు. గట్టి చెప్పు కాలిని కరవకా తప్పదు. ఈ రెండింటి మధ్య కాలికి సుఖం కుదర్చడమే ఈ సీమ తోలుపనివారి విద్యలో అసలు భాగం. తోళ్ళ ఎగుమతుల లెక్కలను శ్రద్ధగా రాసిపెట్టిన గెజెటీర్లు, పరిశ్రమల నివేదికలు ఆ విద్యను అంతే శ్రద్ధతో పట్టించుకోలేదు.

కోసిగి, ఆదోని ఊళ్ళు 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దత్తమైన మండలాలలో భాగమై, ఆ తరువాత దాదాపు నూటయాభై ఏళ్ళు బళ్ళారి జిల్లాలో ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిశాయి. తెలుగు, కన్నడం కలగలిసిన ఈ సరిహద్దులో తోలు పని కూడా ఒక్క కులంతో ఆగలేదు. పల్లెల్లో చచ్చిన గొడ్డు తోలు తీసి, ఊనవేసి, చెప్పులు కుట్టే పని మాదిగలది. కన్నడ సీమలో చెప్పులు కుట్టేవారిని సమగారులన్నారు. జీనులు, కత్తి ఒరలు, సన్నపని బూట్లు కుట్టే మోచీలు దక్కను సుల్తానుల సేనల వెంట దక్షిణానికి వచ్చినవారని చెబుతారు. ఆదోని కోట విజయనగరం తరువాత బీజాపూరు ఆదిల్‌షాహీలకు, 1680ల చివర మొగలులకు, ఆపైన నిజాము వంశీకులకు చిక్కుతూ వచ్చిన దుర్గం కాబట్టి, గుర్రపు దళాలకు కావలసిన తోలుసామాను గిరాకీ ఆ పట్నంలో ఎంతో కొంత ఉండి ఉంటుందని ఊహించడం తప్పు కాదు. కోట చుట్టూ ఉన్న పల్లెలకు మాత్రం చెప్పు, పగ్గం, డప్పు ఇచ్చినవి మాదిగవాడ చేతులే.

చెప్పు ఎందుకు అంత గట్టిగా ఉండేదో తెలియాలంటే తోలు ఊనవేసే తీరు తెలియాలి. పచ్చి తోలును నీళ్ళలో నానబెట్టి, సున్నపు నీటిలో కొన్నాళ్ళుంచితే వెంట్రుక కుదుళ్ళు వదులవుతాయి. అప్పుడు వెంట్రుకను, లోపలివైపు అంటుకున్న మాంసపు పొరను గీకివేసి, సున్నం పోయేదాకా కడిగి, తంగేడు చెక్క నానిన నీళ్ళలో వేస్తారు. ఈ నీళ్ళ తొట్టినే లంద అంటారు. తంగేడు చెక్కలో, కరక్కాయలో ఉండే వగరు పదార్థం తోలులోని పోగులను పట్టుకుని వాటిని కుళ్ళకుండా చేస్తుంది. కుళ్ళే చర్మం కుళ్ళని తోలుగా మారడమంటే ఇదే. తొట్టి కట్టుకునే స్తోమత లేని పల్లెల్లో ఇంకొక పద్ధతి వాడుకలో ఉండేది: తోలును సంచిలా కుట్టి, కొయ్యకు వేలాడదీసి, లోపల తంగేడు చెక్క, దాని రసం నింపితే రసం మెల్లగా తోలు గుండా ఊరి బయటికి చెమర్చేది, కారినదాన్ని మళ్ళీ సంచిలో పోసేవారు. ఇది తక్కువ రోజుల్లో, తక్కువ ఖర్చుతో అయ్యే పనే గాని, ఎద్దు, బర్రె తోళ్ళ వంటి మందపు తోళ్ళలో రసం నడిమి పొరకు పూర్తిగా చేరేది కాదు. ఊనీ ఊనని ఆ నడిమి పొర ఆరినప్పుడు కొమ్ములా బిగుసుకుంటుంది, తడిసినప్పుడు ఉబ్బుతుంది. నాటు చెప్పు కిర్రుమనడానికీ, కొత్తలో కాలిని కోయడానికీ, వానలో వదులై ఎండలో మళ్ళీ బిగియడానికీ మూలం అక్కడే ఉంది.

ఆ తోలుకు నూనె పట్టించడం పనివాని చేతిలో ఉన్న మొదటి ఉపాయం. తోలు సగం తడిగా ఉన్నప్పుడే ఆముదమో కానుగ నూనో రుద్దితే, నీరు ఆవిరై పోయిన చోటులోకి నూనె చేరి పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తుంది. పూర్తిగా ఎండిన తోలు మీద పూసిన నూనె పైపైనే నిలిచిపోతుంది. ఎప్పుడు నూనె పట్టించాలో వేలితో నొక్కి చెప్పగలగడం ఏళ్ళ అనుభవం మీద వచ్చేదే. అరికాలి కింద వచ్చే అట్టకు మందపు బర్రె తోలు, మీది పట్టీలకు పలుచని తోలు ఎంచడం, ఒకే తోలులో వెన్ను మీది గట్టి భాగాన్ని అట్టకు కేటాయించి పొట్ట దగ్గరి సాగుడు భాగాన్ని భారం పడని చోట్లకు మళ్ళించడం కూడా ఈ విద్యలోవే.

ఇక కొలత. గిరాకీ మనిషి కాలిని తోలు మీదనే పెట్టించి చుట్టూ గీత గీసుకోవడం, లేదా పుల్లతోనో దారంతోనో పొడవు, వెడల్పు పట్టుకోవడం పాత రివాజు. కాలి మీద మనిషి బరువు పడినప్పుడు పాదం పొడవూ వెడల్పూ రెండూ పెరుగుతాయి గనుక, నిలబెట్టి తీసిన కొలతకు, కూర్చోబెట్టి తీసిన కొలతకు తేడా ఉంటుంది. చిన్నప్పటి నుంచి ఉత్తకాళ్ళతో నడిచినవారి వేళ్ళు విచ్చుకుని ఉండడం వల్ల ముందరి భాగం మరింత వెడల్పుగా ఉంటుంది. రంపె అనే వంపు కత్తితో గీత వెంట అట్ట కోసి, ఆరెతో రంధ్రాలు పొడిచి, తోలు వారుతోనే కుట్టేవారు. నాటు చెప్పుకు కాలిని పట్టి ఉంచేవి మూడే మూడు తావులు: బొటనవేలు దూరే ఉంగటం, మీగాలి మీదుగా, అంటే పాదం పైభాగాన ఎత్తుగా ఉండే చోటు మీదుగా పోయే అడ్డపట్టీ, కొన్ని రకాలలో మడమ వెనుక నుంచి వచ్చే వారు. ఉంగటం ఒక వేలి మందం ముందుకు జరిగితే వేళ్ళ సందు ఒరుసుకుపోతుంది, వెనక్కి జరిగితే మడమ అట్ట దాటిపోతుంది. అడ్డపట్టీ బిగువైతే మీగాలి మీద వాపు, వదులైతే ప్రతి అడుగుకీ చెప్పు ముందుకు జారి బొటనవేలు ఉంగటాన్ని గుద్దుకోవడం. అందువల్ల చెప్పు ఒక్క రోజులో ఇచ్చేసే సరుకు కాలేదు. తొడిగి చూసి, కరిచే చోట తోలు పలుచన చేసి, అంచు మడిచి, పట్టీ మరోసారి లాగి కుట్టి, కొన్నాళ్ళు నడిచాక మళ్ళీ వచ్చి చూపించుకోమనడం పనిలో భాగమే. తడిపిన తోలు తొడిగిన కాలి ఆకారాన్నే పట్టుకుని ఆరుతుంది గనుక, కొత్త చెప్పును తడిపి, నూనె పట్టించి, తొడుక్కుని నడవడం వాడుకరి వంతు. పాదానికి అనువు కాని చెప్పుకు ఫలితం ఆనెకాయలూ మడమ పగుళ్ళూ. కోతకాలంలో అవి కూలి పోగొట్టే రోగాలు.

గట్టి కవచాన్ని మెత్తని పాదానికి ఒప్పించే ఈ చిక్కు ఎండ సీమలకే పరిమితమైనది కాదు. ఐరోపాలో 19వ శతాబ్దం తొలి సగం దాకా కుడి ఎడమ కాళ్ళకు ఒకే ఆకారపు బూట్లు కుట్టడం మామూలుగా ఉండేది. తొడిగినవాడి కాలే వాటికి కుడి ఎడమలు నేర్పాలి. ఆల్ప్స్ పర్వతాల మంచు మీద జారే స్కీయింగ్ ఆటకు మొదట వాడినవి బరువైన తోలు బూట్లే కాగా, 1960లలో అమెరికన్ బాబ్ లాంజ్ తెచ్చిన ప్లాస్టిక్ బూటు వాటిని వెనక్కి నెట్టింది. 1965లో షెర్మన్ పాపెన్ పిల్లల కోసం రెండు స్కీలను జోడించి చేసిన స్నర్ఫర్ నుంచి ఎదిగిన స్నోబోర్డు ఆటలో, అంచు మీద వాలి మంచులో సన్నని గాడి కోస్తూ మలుపు తిరిగే కార్వింగ్ అనే శాఖ ఆ గట్టి ప్లాస్టిక్ బూటునే ఎంచుకుంది. 1998 నగానో శీతాకాల ఒలింపిక్స్‌లో తొలిసారి ప్రవేశపెట్టిన స్నోబోర్డు జెయింట్ స్లాలమ్ పోటీ ఈ శాఖకు చెందినదే. ముంగాలి ఒరుగుదల నేరుగా స్నోబోర్డు పలక అంచుకు చేరాలంటే మడమ బూటులో ఒక్క గోరంతైనా లేవకూడదు. మడమను అంత బిగించితే చీలమండ ఎముకలు, మీగాలు, వేళ్ళ కొసలు ఒరుసుకుపోతాయి. దీనికి అక్కడి బూటు నిపుణులు కనిపెట్టిన ఉపాయాలను కోసిగి పనివాడు చూస్తే వెంటనే పోల్చుకునేవాడు. ముందు లోపలి మెత్తని తొడుగు తీసేసి, ఉత్త కవచంలో వేళ్ళు ముందుకు ఆనించి నిలబెట్టి, మడమ వెనుక ఒకటి రెండు వేళ్ళ సందు మిగిలిందా అని చూస్తారు. తరువాత తొడుగును వేడిచేసి కాలి ఆకారానికి ఒదిగేలా చల్లారనిస్తారు. ఎముక తగిలే చోట కవచాన్నే కాచి బయటికి ఉబ్బిస్తారు. అరికాలి వంపుకు సరిపడే అట్టను విడిగా మలుస్తారు. తంగేడు తోలుకు నీరు, నూనె చేసిన పనిని ప్లాస్టిక్కుకు వేడి చేస్తుంది. కొలిచి, తొడిగి, కరిచే చోటు కనిపెట్టి, మళ్ళీ సవరించే వరుస మాత్రం మారలేదు.

పోలిక ఇక్కడితో ఆగదు, ఇక్కడి నుంచే బాధ మొదలవుతుంది. ఇటలీలో మోంటెబెల్లూనా అనే పట్నం కొండదారులలో నడిచేవారికి తోలు బూట్లు కుట్టిన చర్మకారుల ఊరు. 20వ శతాబ్దంలో ఆ చేతులే స్కీ బూట్లకు, ఆపైన ప్లాస్టిక్ బూట్లకు మళ్ళి, ఆ ఊరిని ప్రపంచపు మంచు బూట్ల పరిశ్రమకు కేంద్రం చేశాయి, అక్కడ బూట్ల మీద ఒక మ్యూజియం కూడా వెలిసింది. కోసిగి సీమలో అదే తరహా విద్య ఉన్నవారికి ఊరి బయట వాడ తప్ప మరొకటి దక్కలేదు. రైతుకు ఏటా ఇన్ని జతల చెప్పులు, పగ్గాలు, బావి నీళ్ళు తోడే కపిలకు తోలు ఇచ్చి, కళ్ళంలో మేర, అంటే ధాన్యంలో వాటా, పుచ్చుకునే ఆయగాళ్ళలో మాదిగ ఒకడు. ఆ వాటాతో పాటు చచ్చిన గొడ్డు తోలు మీద హక్కూ ఉండేది. హక్కు అన్న మాటకు ఇక్కడ పరిమితమైన అర్థమే ఉంది, ఎందుకంటే మేర ఎంతన్నది ఇచ్చేవాడే తేల్చేవాడు, పని మానేసే స్వేచ్ఛ పుచ్చుకునేవాడికి లేదు. వీటన్నిటికంటే దారుణమైనది ఇంకొకటి: ఊరందరి పాదాలకు చెప్పులు కుట్టిన మనిషి అగ్రకులాల వీధిలో చెప్పులు తొడుక్కుని నడవకూడదు, విడిచి చేత పట్టుకుపోవాలి. ఈ కట్టుబాటు తెలుగు, కన్నడ పల్లెల్లో చాలాచోట్ల నడిచింది. 1950 రాజ్యాంగపు 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసి, 1955 చట్టం దాన్ని శిక్షించదగిన నేరంగా చేసిన తరువాత కూడా అది ఒక్కసారిగా అంతరించలేదు. 1989లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం తేవలసి వచ్చిందంటే కారణం ఇటువంటివే. ఎదుటివాడి కాలు ఎక్కడ ఒరుసుకుంటుందో చేత్తో తడిమి తెలుసుకునే పనిని ఒక విద్యగా కాక మైలగా చూసిన సమాజం, ఆ విద్య ముందుకు పోయే దారిని తానే మూసుకుంది.

ఈ ప్రాంతపు వీరశైవం దీనికి భిన్నంగా ఆలోచించిన సందర్భాలున్నాయి. 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో మాదిగ కులానికి చెందిన మాదర చెన్నయ్య శివుడు మెచ్చిన భక్తుడు. కన్నడ సంప్రదాయంలో సమగారుడైన హరళయ్య, ఆయన భార్య కల్యాణమ్మ తమ తొడల చర్మంతో బసవేశ్వరునికి చెప్పులు కుట్టారని, ఆయన వాటిని తొడుక్కోలేక నెత్తిన పెట్టుకున్నాడని కథ. హరళయ్య కొడుక్కూ బ్రాహ్మణ కుటుంబపు పిల్లకూ జరిగిన పెళ్ళికి 12వ శతాబ్దపు కల్యాణ పట్టణంలో రాజశిక్ష పడిందని కూడా ఆ సంప్రదాయమే చెబుతుంది. మాదిగలు తమ పుట్టుకను జాంబవంతునితో ముడిపెట్టి చెప్పుకునే జాంబపురాణాన్ని చిందు, డక్కలి కళాకారులు ఆడి పాడి నిలబెట్టారు. తోలును, లందను, చెప్పును సృష్టి కథలోకి ఎక్కించిన పురాణమది.

19వ శతాబ్దం నడిమి నుంచి తోలు చుట్టూ ఉన్న లోకం మారింది. మద్రాసు నుంచి గుంతకల్లు, ఆదోని, కోసిగి మీదుగా వచ్చిన రైలుమార్గం 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు మార్గంతో కలిసింది. ఆ వెంటనే వచ్చిన 1876-78 నాటి మహా కరువు బళ్ళారి జిల్లాను కుదిపివేసినప్పుడు పశువులు మందలకు మందలుగా చచ్చాయి, మద్రాసు రేవు నుంచి తోళ్ళ ఎగుమతి పెరిగింది. ఊరి మాదిగ లందకు చేరవలసిన తోలు రైలెక్కి వర్తకుని చేతికి పోయే దారి ఏర్పడడంతో, కరువు తీరిన తరువాత కూడా పనివాడు ముడితోలును వెలపెట్టి కొనుక్కోవలసిన రోజులు వచ్చాయి. మద్రాసు రాజధానిలో తంగేడు చెక్కతో ఊనిన తోళ్ళు ఇంగ్లండు మార్కెట్లలో ఈస్టిండియా కిప్‌లనే పేరుతో అమ్ముడుపోయేవి; మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 నుంచి, బ్రిటిష్ యుద్ధశాఖ వాటిని సైనికుల బూట్ల పైభాగాల కోసం పెద్దఎత్తున కొన్నది. దక్షిణాది పల్లెల పశువుల తోలు అలా ఐరోపా యుద్ధభూముల బురదలో నడిచింది. యుద్ధానికి ముందు పచ్చి తోళ్ళలో పెద్ద భాగం జర్మనీకి పోయేది. ఆ ధోరణి తిరిగి రాకుండా 1919లో పచ్చి తోళ్ళ ఎగుమతి మీద నూటికి 15 వంతున సుంకం వేశారు, కొన్నేళ్ళకే దాన్ని 5కు తగ్గించారు. ఈ నిర్ణయాలు లాభనష్టాల మాటగా నడిచింది పెద్ద తోలుశాలల యజమానుల కోసమే. పల్లె పనివాని పేరు ఆ చర్చల్లో అంతంత మాత్రమే.

ఒక ప్రయత్నం మాత్రం పల్లె పనికి నేరుగా తగిలింది. మద్రాసులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 1903లో క్రోము ఊనిక మీద, అంటే చెక్క రసానికి బదులు క్రోమియం లవణాలతో తోలు ఊనే పద్ధతి మీద, ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఆయన గురి మొదట బూట్ల మీద కంటే కపిల మీద ఉంది. ఎడ్లు ఏటవాలు బాటలో దిగుతుంటే బావి నుంచి నీళ్ళు తోడే ఏర్పాటు కపిల. దాని నీటి తిత్తి తోలుదే, నాటు ఊనిక తోలు నీళ్ళలో త్వరగా చీకిపోయేది, క్రోము తోలు ఎక్కువ కాలం నిలిచేది. అయితే క్రోము ఊనికకు కావలసిన రసాయనాలు, యంత్రాలు, పెట్టుబడి లంద దగ్గర కూర్చున్న మనిషికి అందేవి కావు. కొత్త పద్ధతి పట్నపు కార్ఖానాలకు బలమైంది, పల్లెకు పోటీ అయింది.

స్వాతంత్ర్యం తరువాత మార్పు ఇంకా వేగంగా సాగింది. 1948లో మద్రాసు అడయారులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఏర్పడింది, 1973లో ఆంధ్రప్రదేశ్ తోలు పరిశ్రమల అభివృద్ధి సంస్థ, లిడ్‌క్యాప్, వచ్చింది. కాని ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘం నేతపనికి తెచ్చినంత పేరు, గౌరవం ఈ సీమ తోలుపనికి ఏ సంస్థా తేలేకపోయింది. రెండూ చేతి విద్యలే అయినా ఒకదాన్ని కళ అన్నారు, రెండోదాన్ని కులవృత్తి అని వదిలేశారు. తుంగభద్ర దిగువ కాలువ నీళ్ళు, కరెంటు మోటార్లు వచ్చి కపిల మూలపడింది, దానితో తోలు తిత్తికి పని పోయింది. 1931లో దేశంలో అడుగుపెట్టి 1934లో కలకత్తా దగ్గర బాటానగర్ కట్టిన బాటా వంటి కంపెనీల అంకెల సైజులు, ఆ తరువాత రబ్బరు హవాయి చెప్పులు పల్లె సంతలకు చేరాయి. పనివాడు కొంతకాలం లారీ టైరును కోసి అట్టలు వేసి గట్టితనంలో పోటీ పడ్డాడు. టైరు చెప్పు ముల్లుకు లొంగదు, నీళ్ళకు ఉబ్బదు, నూనె అడగదు. దానికి కూడా కొత్త తరం చేతులు కరువయ్యాయి. వాన తప్పిన ఏళ్ళలో కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల నుంచి గుంటూరు మిరప చేలకు, బెంగుళూరు కట్టడాలకు వలసపోయేవారిలో ఈ కుటుంబాలూ ఉన్నాయి. చెప్పుల పని వదిలించుకోవడాన్ని విముక్తిగా భావించిన యువకులను ఎవరూ తప్పు పట్టలేరు. పనితో పాటు అంటగట్టిన అవమానం అంత పెద్దది.

అంకెల సైజుల చెప్పు అందరినీ ఒకే పొడవు కొలతతో చూస్తుంది. 1992లో యు. బి. రావు, బెంజమిన్ జోసెఫ్ అనే వైద్యులు 4 నుంచి 13 ఏళ్ళ లోపు 2,300 మంది పిల్లల అరికాళ్ళ అచ్చులు పరిశీలించి, చదును పాదం చెప్పులు తొడిగే పిల్లల్లో నూటికి 8.6 వంతున, ఉత్తకాళ్ళతో తిరిగే పిల్లల్లో 2.8 వంతున ఉందని, వేళ్ళు మూసే బూట్లు తొడిగినవారిలో మరీ ఎక్కువని తేల్చారు. 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా తోలు పరిశోధన సంస్థ దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను యంత్రాలతో కొలిచి, భారతీయుల పాదాలు ఐరోపా, అమెరికా కొలతలకన్నా వెడల్పైనవని చెప్పింది. వెడల్పు చాలక ఒక సైజు పెద్దది కొని, పొడవు మిగిలిపోయిన బూటులో తాడు బిగించి నడిచే అలవాటుకు అదే కారణమని గుర్తించి, భా అనే పేరుతో దేశానికి సొంత సైజుల పద్ధతిని ప్రతిపాదించింది. బరువు పడిన కాలి వెడల్పును తోలు మీద గీతగా గీసుకున్న కోసిగి పనివాని చేతికి ఆ సంగతి ముందే తెలుసు, అయితే అతని కొలత ఎవరి రికార్డులోకీ ఎక్కలేదు. ఆదోని, ఎమ్మిగనూరు బస్టాండ్ల దగ్గర ఆరె, దారం పెట్టుకుని కూర్చున్నవారి దగ్గరికి ఇప్పటికీ కార్ఖానా చెప్పులు కరిచినవారు వస్తూనే ఉంటారు. పట్టీలో కొత్త రంధ్రం పొడవడం, మడమ వెనుక అంచు పలుచన చేయడం, కింద ఒక తోలు ముక్క అతికించడం వంటి పనులు కంపెనీ కొలత వదిలేసిన చోట మొదలవుతాయి, వాటికి దొరికే కూలి మాత్రం టీ ఖర్చుకు మించదు.